బోరునీళ్లకు పోయిన ఇంజన్, దాని చోట ఇంకొకటి: ఆరేళ్ల తర్వాత మా జీపు

మా జీపుకి ఇంజన్ మార్చి ఆరేళ్లు దాటింది. 41 వేల కిలోమీటర్లు తిరిగింది. ఉదయగిరి నుంచి కావలి దాకా పాత జీపు ఉన్నవాళ్లు ఎవరు కనపడినా అడిగేవి మూడే: ఎంతయింది, ఎలా ఉంది, డీఐ ఇంజన్ (డీజిల్‌ని నేరుగా సిలిండర్లోకి చిమ్మే రకం) ఎందుకు వేయలేదు. విడివిడిగా చెప్పి అలిసిపోయాను, అందుకే ఒకేసారి రాస్తున్నా.

బండి మహీంద్రా ఎంఎం 540, 1992 మోడల్, ఫోర్ వీల్ డ్రైవ్. 2001లో మా నాయన సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఇందులో కంపెనీ వేసిన ఇంజన్ ప్యూజో డీజిల్, ఎక్స్‌డీపీ 4.90. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 90 మిల్లీమీటర్ల బోరు, అంటే లోపలి వెడల్పు, అందుకే ఆ పేరు. 2112 సీసీ, 62 హార్స్ పవర్. ఫ్రెంచి పేరు కదా, మా వైపు షెడ్డుల్లో ఒకాయన పీజో అంటాడు, ఇంకొకాయన పీజియట్ అంటాడు. సామాను కొనేటప్పుడు రెండూ చెల్లుతాయి.

మాది నెల్లూరు జిల్లా సీతారామపురం వైపు, వెలిగొండల కింద బత్తాయి తోట. తోటకి పోయే దారి సగం వాగు, సగం గుండ్రాళ్లు. వానొస్తే ట్రాక్టరో, ఈ జీపో తప్ప ఏదీ పోదు. ఎరువుల బస్తాలు, మందు డ్రమ్ములు, కూలీలు, కార్తీకంలో ఘటిక సిద్ధేశ్వరం గుడికి బయలుదేరే చుట్టాలు, అన్నీ దీని మీదే. కాబట్టి ఇది షోకు బండి కాదు. ఆదివారం కడిగి ఫొటోలు తీసుకునేవాళ్లకి నా లెక్కలు కుదరకపోవచ్చు.

పాత ఇంజన్ ఎలా పోయిందో ముందు చెప్పాలి. దాన్ని చంపింది నేనే.

మా ప్రాంతంలో బోరునీళ్ల సంగతి కొత్తగా చెప్పేదేముంది. ఫ్లోరైడ్ గురించి అందరూ మాట్లాడతారు గానీ రేడియేటర్‌కి శత్రువు నీళ్లలోని సున్నం. స్టీలు బిందెలో నాలుగు రోజులు నీళ్లుంచితే తెల్లగా పొర కడుతుందే, అదే. మేము పద్దెనిమిదేళ్లు ఆ నీళ్లే పోశాం. కూలెంట్ (ఇంజన్ చల్లబడడానికి రేడియేటర్ నీళ్లలో కలిపే ద్రవం) అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎరగరు. రేడియేటర్ గొట్టాలు సన్నవి. ఒక్కొక్కటీ లోపల సున్నం పట్టి మూసుకుపోతూ వచ్చింది. 2015 ప్రాంతంలో బండి వేడెక్కుతోందని ఒక మెకానిక్‌కి చూపిస్తే, ఇంజన్ వేడిని బట్టి నీళ్లని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ వాల్వ్ పీకేసి "ఇక వేడి రాదు పో" అన్నాడు. నిజంగానే కొన్నాళ్లు రాలేదు. జబ్బు మాత్రం లోపలే ఉంది. పైగా చలికాలం పొద్దున ఇంజన్ వేడెక్కడానికి అరగంట, ఆ అరగంటా డీజిల్ తాగడం. ఉష్ణోగ్రత చూపించే మీటరు అప్పటికే చచ్చిపోయి చాలా కాలమైంది. సూది ఎప్పుడూ కిందే ఉండేది, మేము దాన్ని చూసి సంతోషపడేవాళ్లం.

2019 మే నెల. రోహిణి కార్తె ఎండ. పది బస్తాల ఎరువు వేసుకుని తోట ఎక్కుడులో రెండో గేరులో పోతున్నా. బండికి పట్టు తగ్గింది. బానెట్ పక్కనుంచి ఆవిరి. ఆపి, గుడ్డ చుట్టి మూత తిప్పితే ఉన్న నీళ్లన్నీ చిమ్మేసింది. ఆ కంగారులో చేయకూడని పని చేశా. వెనకున్న క్యాన్‌లోంచి చల్లటి బోరునీళ్లు ఎర్రగా కాగిన ఇంజన్లోకి పోసేశా. లోపల టక్‌మని చిన్న శబ్దం వినపడింది. ఆ శబ్దం ఖరీదు లక్ష రూపాయలని అప్పుడు తెలియదు.

మరునాడు ట్రాక్టరుతో ఉదయగిరికి లాక్కొచ్చాం. ఆయిల్ కడ్డీ తీస్తే పాలు కలిపిన కాఫీలా ఉంది, అంటే ఆయిల్లో నీళ్లు కలిశాయి. మేస్త్రీ సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ విప్పాడు. హెడ్ వంకరపోయింది, అది చదును (ఫేసింగ్) చేస్తే సరిపోయేది. కానీ మూడో సిలిండర్ పక్కన, సిలిండర్లన్నీ ఉండే బ్లాకుకే నెర్రె. మేస్త్రీ పెద్దాయన, నాయన కాలం నుంచీ ఈ జీపు చూస్తున్నాడు. గోరుతో ఆ గీత మీద గీరి, "అబ్బయ్యా, ఇది కుట్లేస్తే అతికేది కాదు. వేరే ఇంజన్ చూసుకో" అన్నాడు.

ఇక డీఐ సంగతి. అందరి సలహా ఒకటే: "ప్యూజో ఎందుకు, మహీంద్రా కమాండర్‌కి వచ్చే డీఐ దించెయ్." ఆ సలహాలో నిజముంది. అది 2523 సీసీ ఇంజన్, తక్కువ స్పీడులోనే లాగుతుంది, స్టార్ట్ చేసేముందు ఇంజన్ లోపల వేడెక్కించే హీటర్ ప్లగ్గుల గొడవ లేదు, సామాను ఏ ఊళ్లో అయినా దొరుకుతుంది. మా బావమరిది జీపుకి అదే వేయించాడు. ఒక రోజంతా నడిపి చూశా. మొదటి గేరులో గోడనైనా ఎక్కేలా ఉంది. తార్రోడ్డు మీదకొచ్చాక తేలింది అసలు విషయం. ప్యూజో నిమిషానికి 4500 తిప్పుల దాకా పోయే ఇంజన్. డీఐ రకం 3200 దగ్గర ఊపిరి వదిలేస్తుంది. యాక్సిల్ పళ్ల లెక్క (ఇంజన్ ఎన్ని తిప్పులకి చక్రం ఒకసారి తిరగాలో తేల్చేది) మార్చకుండా అదే జీపులో దాన్ని పెడితే యాభై దాటగానే ఇంజన్ అరుపు. యాక్సిల్ మార్చాలంటే ముందు వెనక రెండూ మార్చాలి, ఫోర్ వీల్ కదా. లేకపోతే ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు చక్రాలొక లెక్కలో, వెనక చక్రాలొక లెక్కలో తిరిగి, రెండింటికీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పగిలిపోతుంది. బావమరిది మార్చలేదు. నెల్లూరు పోవాలంటే బస్సెక్కుతాడు.

ఇంకో కారణం కాగితాలు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే రకం ఇంజన్ వేసినా ఆర్టీవో అనుమతి ఉండాలి, మార్చిన 14 రోజుల్లో తెలియజేసి ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించుకోవాలి. వేరే రకం వేసి ఐదేళ్లకోసారి వచ్చే రెన్యువల్‌కి బండి తీసుకెళ్లి నిలబడే ధైర్యం నాకు లేదు. అందుకే ప్యూజో చోట ప్యూజోనే అనుకున్నా.

అనుకున్నంత తేలిగ్గా దొరకలేదు. మొదట ఒక పాత సామాన్ల షాపులో "రీకండిషన్ చేసింది, స్టార్ట్ చేసి ఇస్తాం" అంటే ఐదు వేలు అడ్వాన్స్ ఇచ్చా. వెండి రంగు వేసి ధగధగలాడుతోంది. మేస్త్రీని తీసుకెళ్లి ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంపు విప్పించమంటే షాపతను ఇష్టపడలేదు. పట్టుబట్టి విప్పిస్తే అడుగున బేరింగు పొడి మెరుస్తోంది. పైగా ఇంజన్ నంబరు ఉన్న చోట ఫైలుతో రాకిన గుర్తులు. ఐదు వేలు వదిలేసుకుని వచ్చేశాం. అడ్వాన్స్ వెనక్కి అడిగితే ఆ ఫోను ఇప్పటికీ ఎత్తడు.

రెండోది నెల్లూరు ఆటోనగర్‌లో దొరికింది. ప్రమాదంలో వెనక భాగం నుజ్జైన జీపులోది, ముప్పై రెండు వేలు. రంగు లేదు, మురికిగా ఉంది, నంబరు శుభ్రంగా కనపడుతోంది. ఆ బండి ఆర్‌సీ రద్దయిన కాగితం జిరాక్సు, బిల్లు రెండూ ఇచ్చారు. ఈ రెండు కాగితాలు లేకుండా ఎంత చవగ్గా వచ్చినా ఇంజన్ ముట్టుకోవద్దు. దొంగబండి ఇంజనైతే మీ జీపే స్టేషన్లో ఉంటుంది.

తెచ్చిన ఇంజన్‌ని అలాగే ఎక్కించలేదు, పూర్తిగా విప్పాం. లైనర్లు, పిస్టన్లు, రింగులు కొత్తవి. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్‌ని ఒక్క సైజు తగ్గించి రుబ్బితే సరిపోయింది, దానికి తగ్గ బేరింగులు వేశాం. డీజిల్ పంపు, డీజిల్ చిమ్మే నాజిల్స్ సరిచూసి సెట్ చేయడానికి (క్యాలిబ్రేషన్‌కి) ఇచ్చాం. ఇంజన్ బయట ఉన్నప్పుడే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు మార్చేశాం. ఫ్లైవీల్ మధ్యలో గేర్ బాక్స్ షాఫ్ట్ కొస కూర్చునే చిన్న బుష్ కూడా. దాని ఖరీదు రెండొందలు. మరిచిపోతే మళ్లీ మొత్తం దించాలి.

ఖర్చు ఇలా అయింది. ఇంజన్ 32 వేలు, లైనర్ కిట్టు, బేరింగులు, గ్యాస్కెట్లు 19 వేలు, లేత్ పని ఏడున్నర వేలు, పంపు, నాజిల్స్ 9 వేలు, క్లచ్ ఐదున్నర వేలు, రేడియేటర్‌కి కొత్త కోర్ (లోపలి గొట్టాల భాగం) 7 వేలు, మేస్త్రీ కూలి 15 వేలు, హోసులు, మౌంటింగ్ రబ్బర్లు, ఆయిల్, ఆటో బాడుగలు అన్నీ కలిపి 9 వేలు. మొత్తం లక్షా నాలుగు వేలు. పోయిన ఐదు వేలు ఇందులో కలపలేదు, కలిపితే కడుపు మండుతుంది. ఇవి 2019 రేట్లు.

దించడం, ఎక్కించడం రెండు రోజుల పని. చైన్ బ్లాక్ తగిలించడానికి షెడ్డులో దూలం ఉంది. ముందు గ్రిల్లు, రేడియేటర్ తీసేస్తే ఇంజన్ సూటిగా బయటికి వస్తుంది. పాత జీపుల్లో ఉన్న సుఖం అది, ఏ బోల్టుకైనా స్పానర్ అందుతుంది. అసలు టైం పట్టింది విడిభాగాల కోసం తిరగడానికే. బండి షెడ్డులో ఉన్నది మొత్తం పదకొండు వారాలు. ఆ పదకొండు వారాలూ ట్రాక్టరు బాడుగకి పెట్టిన డబ్బు కూడా లెక్కేసుకోండి.

ఈ మొత్తంలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఇంజన్ కాదు, ఆ ఏడు వేల రేడియేటర్ కోర్, ఆరొందల కొత్త ఉష్ణోగ్రత మీటరు. థర్మోస్టాట్ వాల్వ్ మళ్లీ పెట్టించా. రేడియేటర్ మూత కొత్తది వేయించా. ఆ మూత రబ్బరు ఒత్తిడి పట్టి ఉంచితేనే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. ఎప్పుడో ఊడిపోయిన ఫ్యాన్ చుట్టూరేకు కొత్తగా కొట్టించా. అది లేకపోతే ఫ్యాన్ పక్కల గాలినే తిప్పుతుంది తప్ప రేడియేటర్‌లోంచి లాగదు. బోరునీళ్లు బంద్. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోస్తున్నా, రెండేళ్లకోసారి మారుస్తున్నా. మా జీతగాడు మొదట్లో నవ్వాడు: "మనం తాగేది బోరునీళ్లు, జీపుకేమో సీసా నీళ్లా అన్నా?"

ఆర్టీవో పని వారంలో అయిపోయింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీసుకున్నాడు, బిల్లు చూశాడు, ఫీజు కట్టాం. ఆర్‌సీ వచ్చాక ఇన్సూరెన్స్‌లో కూడా నంబరు మార్పించా. చాలామంది ఇది వదిలేస్తారు. రేపు ప్రమాదం జరిగితే పాలసీలో ఒక నంబరు, బండిలో ఒక నంబరు. 2022లో రెన్యువల్‌కి వెళ్తే ముందు చూసింది ఆ నంబరే.

మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై దాటించలేదు. 500కి ఒకసారి ఆయిల్ మార్చా. తర్వాతి కథ ఇదీ. తార్రోడ్డు మీద 60-65 హాయిగా పోతుంది. లీటరుకి పదకొండు, పన్నెండు ఇస్తోంది, తోట దారిలో ఎనిమిదికి పడిపోతుంది. ఎక్కుడులో డీఐ లాగా తాపీగా పోదు, ఇది తిప్పితేనే లాగే ఇంజన్. రాళ్లొస్తే ముందే లో గేరులో వేసుకోవాలి. డిసెంబరు పొద్దున హీటర్ పదిహేను సెకన్లు పట్టుకోవాల్సిందే. ఒక ప్లగ్గు పోయినా తెల్లపొగ, వణుకు. ఆరేళ్లలో ఐదు ప్లగ్గులు మార్చా. ఆయిల్ తినడం లేదు. మే నెలలో బస్తాలేసుకుని అదే ఎక్కుడు ఎక్కినా సూది మధ్య గీత దాటలేదు.

ఇబ్బందులు లేవని కాదు. చవకని కొన్న మౌంటింగ్ రబ్బర్లు తొమ్మిది వేల కిలోమీటర్లకే తెగాయి, ఇంజన్ ఊగి ఫ్యాన్ రేకుకి తగిలింది. సెల్ఫ్ మోటారు ఒకసారి వైండింగ్ చేయించా. ఇంజన్ మార్చినప్పుడే గేర్ బాక్స్ కూడా తెరిపించి ఉండాల్సింది, డబ్బులైపోయి ఆగిపోయా. మూడో గేరులో ఇప్పుడు ఏడుపు మొదలైంది. సామాను కూడా ఏటేటా కరువవుతోంది. పోయినసారి హెడ్ గ్యాస్కెట్ ముందు జాగ్రత్తగా కొని పెట్టుకుందామంటే నెల్లూరంతా తిరిగి రెండు దొరికాయి, రెండూ తెచ్చేసుకున్నా. బండిని ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లు తిప్పేవాళ్లు, మా మేస్త్రీ లాంటి పాత చెయ్యి దగ్గర్లో లేనివాళ్లు ఈ ఖర్చు పెట్టొద్దంటాను. మీ బ్లాక్ బాగుంటే ఇంజన్ మార్చొద్దు, ఉన్నదానికే లైనర్లు, పిస్టన్లు కొత్తవి వేయించుకోండి. సగం ఖర్చులో పోతుంది.

క్రాంక్ వెనక సీలు దగ్గర ఆయిల్ చుక్క మొదటి ఏడాది నుంచే ఉంది. రాత్రి బండి కింద అట్టముక్క వేస్తే పొద్దునకి రూపాయి బిళ్లంత మచ్చ. మార్చాలంటే గేర్ బాక్స్ దించాలి. "ఎటూ దించుతాం గదా అబ్బయ్యా, అప్పుడే మూడో గేరూ చూద్దాం, సంక్రాంతి పోనీ" అంటున్నాడు మేస్త్రీ. పోయిన సంక్రాంతికీ అదే అన్నాడు. అట్టముక్క మాత్రం నెలకోసారి మారుస్తున్నా.