పద్నాలుగేళ్ల వాడకం తర్వాత: ఒక ఇనుప బీరువా, ఒక టేకు అరల గోడ

2011 వేసవిలో హనుమకొండలో సొంత ఇంటికి మారిన కొత్తలో, పుస్తకాల కోసమే ఒక అద్దాల తలుపుల ఇనుప బీరువా కొన్నాను. ఎత్తు ఆరున్నర అడుగులు, వెడల్పు 3 అడుగులు, లోతు 16 అంగుళాలు. ఐదు అరలు, రెండు తలుపులు, ఒక తాళం. ఐదేళ్ల తర్వాత, 2016లో, అదే గదిలో పక్క గోడకు టేకు అరలు చేయించాను. వాటి లోతు 10 అంగుళాలే, తలుపులు లేవు. ఒకే గదిలో, ఒకే మనిషి చేతి కింద, ఒకే ఎండలనూ వానలనూ చూసిన ఈ రెండింటిలో పుస్తకాలు ఎలా నిలిచాయో రాస్తే, ఇంట్లో నాలుగైదు వందల పుస్తకాలు పోగై చోటు వెతుక్కుంటున్న పాఠకులకు పనికొస్తుందని అనుకుంటున్నాను. తీర్పు ముందే చెబుతాను: ఈ రోజు మళ్లీ కొనవలసి వస్తే ఆ బీరువాను కొనను. అయితే దాన్ని ఇంట్లోంచి పంపించనూ లేదు.

నేను ఇనుము వైపు మొగ్గడానికి కారణం చెదలు. పరకాల దగ్గరి మా ఊళ్లో తాతగారిది మట్టిగోడల పెంకుటిల్లు. పుస్తకాలు గోడ గూళ్లలో ఉండేవి. ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో ఒకసారి సెలవులకు వెళ్లి, ఆయన పురాణ గ్రంథాల్లో ఒకదాన్ని తీయబోతే అట్ట మాత్రమే చేతికి వచ్చింది. లోపల కాగితం ఉండవలసిన చోట మట్టి ఉంది. చెద వెలుతురుకు రాదు. గోడలోంచి వచ్చి పుస్తకం వెనుక నుంచి దూరి, పైకి కనిపించే భాగాన్ని వదిలి లోపలి కాగితాన్ని తింటుంది కనుక, ఎదుట నిలబడి చూసేవారికి వరుస మొత్తం నిండుగానే కనబడుతుంది. తాతగారు ఆ రోజు ఏమీ అనలేదు, ఆ మట్టిని ఒక పళ్లెంలోకి దులిపి అట్టను మళ్లీ గూట్లోనే పెట్టారు. అందుకే నా చేతికి జీతం వచ్చి సొంత ఇల్లు ఏర్పడగానే, చెద ముట్టలేని పెట్టె కావాలనుకున్నాను.

ఆ ఒక్క విషయంలో బీరువా తన మాట నిలబెట్టుకుంది. ఈ పద్నాలుగేళ్లలో దానిలోని ఒక్క పుస్తకానికీ చెద పట్టలేదు. గోడకు మూడు వేళ్ల ఎడంగా, నాలుగు కాళ్ల మీద నిలబెట్టడం కూడా ఇందుకు తోడ్పడి ఉంటుంది. దుమ్ము విషయంలోనూ మేలే జరిగింది. ఎండాకాలం సాయంత్రాలు గాలిదుమారం లేచినప్పుడు గదంతా ఎర్రటి దుమ్ము పరుచుకున్నా అద్దాల వెనుక పుస్తకాలు శుభ్రంగా ఉండేవి.

చిక్కంతా లోతులో వచ్చింది. తెలుగు పుస్తకాలు ఎక్కువగా డెమ్మీ 1/8 సైజులో, అంటే దాదాపు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తులో వస్తాయి. 16 అంగుళాల లోతున్న అరలో ఒక వరుస పెడితే ముందు ఇంకొక వరుసకు చోటు మిగులుతుంది. చోటు మిగిలితే నింపకుండా ఉండగల పాఠకుడిని నేను ఇంతవరకు చూడలేదు. మూడేళ్లలో ప్రతి అరలో రెండేసి వరుసలు, వాటి మీద అడ్డంగా మరికొన్ని చేరి, ఆరు వందలకు పైగా పుస్తకాలు అందులో కుదురుకున్నాయి. వెనుక వరుసలో ఏముందో నేను మరిచిపోయాను. నా దగ్గర ఉన్న కథల సంపుటినే మళ్లీ కొనుక్కొచ్చిన సందర్భాలు నాలుగున్నాయి. అంతకన్నా పెద్ద నష్టం 2014 వర్షాకాలం చివర బయటపడింది. వెనుక వరుసలోని పుస్తకాలను రెండేళ్లుగా ఎవరూ కదపలేదు. సిల్వర్ ఫిష్ అనే వెండిరంగు పురుగు వాటి అట్టల మీది జిగురును గీకి తిని, కొన్ని చోట్ల పేర్లు కూడా చదవరానంతగా చేసింది. కింది అరలోని పదిహేను పుస్తకాలకు బూజు పట్టింది.

బూజు ఎందుకు పట్టిందో ఆ తర్వాత అర్థమైంది. గాలిలో తేమ 65 శాతం దాటి చాలా రోజులు నిలిస్తే కాగితం మీద బూజు పెరగడానికి అనువైన స్థితి ఏర్పడుతుంది. మన దగ్గర జూలై నుంచి సెప్టెంబరు దాకా ఆ స్థితి మామూలే. గాలి ఆడే చోట తేమ వస్తుంది, పోతుంది. తలుపు మూసిన ఇనుప పెట్టెలో మాత్రం, వానరోజున తలుపు తెరిచినప్పుడు చొరబడిన తేమ, కాగితం పీల్చుకున్న తేమ లోపలే ఉండిపోతాయి. రాత్రి చలికి ఇనుము చల్లబడితే వెనుక రేకు మీద సన్నటి చెమ్మ కూడా పడుతుంది. తేమను కొలిచే చిన్న మీటరు కొని లోపల పెట్టి చూస్తే, ఆగస్టులో ఒక వారమంతా అది 70కి దిగలేదు. అప్పటి నుంచి వానాకాలంలో రోజూ ఉదయం రెండు గంటలు తలుపులు తీసి ఫ్యాను వేస్తున్నాను. వెనుక రేకుకు పైన ఆరు, కింద ఆరు రంధ్రాలు వేయించి వాటికి సన్నని జాలీ అతికించాను. ఈ పని కొన్న రోజే చేయించి ఉంటే ఆ పదిహేను పుస్తకాలు దక్కేవి.

ఇక పురుగుల మందుల సంగతి. కలరా ఉండలను నేను మూడేళ్లు వాడి మానేశాను. వాసన గదిని వదలదు, పుస్తకం తెరిస్తే తలనొప్పి వస్తుంది. ఇంతకన్నా ముఖ్యమైన కారణం మా మనవడు పుట్టడం: ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఆవిరి పసిపిల్లలకు, ముఖ్యంగా జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారికి, ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేసేంత ప్రమాదకరమని పిల్లల డాక్టరు చెప్పారు. వేపాకు వాడేవారు నీడలో పూర్తిగా, నలిపితే పొడి అయ్యేదాకా, ఎండబెట్టాలి. పచ్చిదనం మిగిలితే ఆకే తేమను మోసుకొస్తుంది. తాళపత్రాల కాలం నుంచి మనవాళ్లు వాడిన వస కొమ్మును గుడ్డలో మూటగట్టి అర మూలల్లో పెడుతున్నాను, వాసన నాకు హాయిగా ఉంటుంది. అయితే వేపాకైనా, వసైనా పురుగును కొంత దూరంగా ఉంచేవే తప్ప, చేరిన పురుగును చంపేవి కావు. పురుగు పట్టిన పుస్తకాన్ని నేను గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెడతాను. బయటికి తీశాక సంచి పూర్తిగా గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు, విప్పితే చల్లని కాగితం మీద నీరు పడుతుంది. ఇంతవరకు ముప్పై పుస్తకాల దాకా ఇలా కాపాడుకున్నాను.

2016లో టేకు అరలు చేయించేటప్పుడు ఈ అనుభవమంతా పనికొచ్చింది. ములుగు వైపు టేకు మంచిదే, కాని టేకు అన్న పేరు చాలదు. చేవ ఉన్న చెక్క కావాలి. అంచుల్లో ఉండే తెల్లచెక్కను చెద తింటుంది. మా వడ్రంగి నా గీతల కాగితం చూసి, "మూడు అడుగుల పొడుగు పెడితె నడుమ వంగుతది సార్, రెండున్నరకు ఒక నిలువు చెక్క కొట్టుకుందాం" అన్నాడు. మూడు అడుగుల అర నిండా పుస్తకాలను ఇంటి త్రాసు మీద తూచి చూస్తే 20 కిలోలకు దగ్గరగా వచ్చింది, అతని మాట విన్నందుకు ఈ రోజుకీ సంతోషిస్తున్నాను. తొమ్మిదేళ్లయినా ఒక్క అరా వంగలేదు. ఎండ తగలని లోపలి గోడను ఎంచుకున్నాను. చవక కాగితంలో ఉండే లిగ్నిన్ వెలుతురుకు, గాలికి పసుపుబారుతుంది. బీరువాలో కిటికీకి ఎదురుగా ఉన్న పుస్తకాల ఎరుపు అట్టలు ఐదేళ్లలోనే వెలిసిపోవడం చూశాను. పుస్తకాలను ఎండలో పరిచే పాత అలవాటును కూడా ఈ కారణంగానే మానుకుని, నీడలో గాలికి పెడుతున్నాను.

పది అంగుళాల లోతులో రెండో వరుస పట్టదు. ఈ అరల గొప్పతనమంతా అందులోనే ఉంది. ప్రతి పుస్తకం వెన్ను కనబడుతుంది, కనబడిన పుస్తకం చేతిలోకి వస్తుంది, చేతిలోకి వచ్చిన పుస్తకానికి పురుగు పట్టే తీరిక ఉండదు. దుమ్ము పడే మాట నిజం. నెలకొకసారి పొడి గుడ్డతో, పెయింటు బ్రష్షుతో దులపడానికి ఒక ఆదివారం సగం పూట పోతుంది. ఆ సగం పూటలోనే నేను మరిచిపోయిన పుస్తకాలు మళ్లీ చదవడానికి బయటికి వస్తాయి కాబట్టి దాన్ని పోయిన సమయంగా లెక్కపెట్టను.

2023 జూలై చివరి వారంలో కురిసిన వానలకు వరంగల్, హనుమకొండ వీధులు మునిగినప్పుడు మా ఇంట్లోకి జానెడు నీళ్లు వచ్చాయి. టేకు అరల కింది వరస నేలకు 9 అంగుళాల ఎత్తున మొదలవుతుంది కనుక తడవలేదు. బీరువా కాళ్లు నాలుగు అంగుళాలే, దాని కింది అరలోని నలభై పుస్తకాలు నీళ్లు తాగాయి. నున్నటి ఆర్టు కాగితం మీద అచ్చయిన బొమ్మల పుస్తకాలు అట్టముక్కల్లా అతుక్కుపోయాయి, వాటిని విడదీయలేకపోయాను. మామూలు కాగితం పుస్తకాలను ఫ్యాను గాలిలో నిలబెట్టి, పుటల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, గంటకొకసారి మారుస్తూ నాలుగు రోజులు ఆరబెడితే ఇరవై ఆరు దక్కాయి. బీరువాను ఇప్పుడు రెండు వరసల ఇటుకల మీద ఎక్కించాను.

అరల్లో చోటుకు హద్దు ఏర్పడటం నా కొనుగోలు తీరును కూడా మార్చింది. ఏటా డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనకు కాజీపేటలో పొద్దుటి రైలెక్కి వెళతాను. ఆదివారమైతే అబిడ్స్ కాలిబాట మీది పాత పుస్తకాలు కూడా చూస్తాను. ఒకప్పుడు రెండు సంచులు నింపుకుని వచ్చేవాడిని. ఇప్పుడు ముందుగా జాబితా రాసుకుంటాను, జాబితాలో లేనివి మూడుకు మించి కొనను. ఒకసారి చదివితే చాలు అనిపించే వాటికి గ్రంథాలయం ఉంది. 1904లో హనుమకొండలో పుట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వంటిది ఊళ్లోనే ఉన్నవారు, ప్రతి పుస్తకాన్నీ సొంతం చేసుకోవలసిన అవసరం లేదు. అయితే తెలుగు పుస్తకాలు చాలావరకు వెయ్యి ప్రతులే అచ్చవుతాయి, అయిపోతే మళ్లీ ఎప్పుడు వస్తాయో తెలియదు. ముద్రణ వివరాల పుటలో ప్రతుల సంఖ్య చూసి, స్థానిక చరిత్ర, నిఘంటువులు, చిన్న ప్రచురణకర్తల కవిత్వం అయితే ఆలోచించకుండా కొనేస్తాను. పెద్ద సంస్థల ప్రసిద్ధ నవలలు రేపైనా దొరుకుతాయి.

పాత పుస్తకం కొనేటప్పుడు నేను వదలకుండా చేసే పరీక్ష ఒకటుంది. పుస్తకాలు ఎక్కువగా 16 పుటల ఫారాలుగా, అంటే ఒకే పెద్ద కాగితాన్ని మడిచిన కట్టలుగా, అచ్చవుతాయి. కనుక 16, 32, 48 పుటల దగ్గర తరువాతి పుట సంఖ్య సరిగా కొనసాగుతోందో లేదో చూడాలి. ఒక ఫారం రెండుసార్లు కుట్టి, ఇంకొకటి వదిలేసిన ప్రతులు నాకు మూడు దొరికాయి. అందులో ఒకటి నేను పదేళ్లుగా వెతుకుతున్న జీవితచరిత్ర. ఇంటికి వచ్చాక చూసుకుంటే సరిగ్గా ఆయన జైలు రోజుల అధ్యాయమే లేదు. ఆ తర్వాత వెన్ను చూడాలి. ఫారాలు కుట్టినదైతే దశాబ్దాలు నిలుస్తుంది. వేడి జిగురుతో అతికించినదైతే మన ఎండలకు జిగురు ఎండి, మధ్యలో తెరవగానే పుటలు చేతిలోకి వస్తాయి. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు బైండరును మైదా జిగురులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలపమని అడగాలి. అది లేని మైదా బొద్దింకలకూ సిల్వర్ ఫిష్‌కూ విందు. సెల్లోటేపు మాత్రం ఎప్పుడూ వాడకండి, ఐదారేళ్లలో అది గోధుమరంగు మరకగా మారి అక్షరాలను కూడా పట్టుకుపోతుంది.

తెలంగాణ నవలా రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో స్థాపించి, పుస్తకాలు తానే మోసుకుంటూ తిరిగి అమ్మిన దేశోద్ధారక గ్రంథమాల ప్రచురణలు రెండు నా దగ్గర ఉన్నాయి. ఆ కాగితం ఇప్పుడు అప్పడంలా విరుగుతోంది. ఇలాంటివాటిని చదవడానికి తెరవను, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ ప్రతి ఉంటే అది చదువుతాను. అక్కడ తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాల వర్ణక్రమాలతో ఉంటాయి కనుక, ఒకే పేరును నాలుగైదు విధాలుగా మార్చి వెతకాలి.

అమరిక గురించి కొద్దిగా. గ్రంథాలయాల్లో విషయాన్ని బట్టి పుస్తకానికి సంఖ్య ఇచ్చే డ్యూయీ పద్ధతిని ఇంట్లో ప్రయత్నించి వదిలేశాను. తెలుగు సాహిత్యమంతా 894.827 కిందికే వస్తుంది, నా పుస్తకాల్లో ముప్పావు వంతు అదే సంఖ్య మోస్తే ఇక వెతకడానికి ఏం మిగులుతుంది? ఇప్పుడు రచయిత ఇంటిపేరు అకారాది క్రమంలో పెట్టి, ఒక్కో పుస్తకం పేరు, కొన్న ఏడు, అర సంఖ్య ఫోనులోని పట్టికలో రాస్తున్నాను. పుస్తకాల దుకాణంలో నిలబడి ఆ పట్టిక చూసుకోవడం మొదలయ్యాక, ఉన్నదాన్నే మళ్లీ కొనడం ఆగిపోయింది. అరువు ఇచ్చినవాటికి మాత్రం కాగితపు నోటుబుక్కే వాడుతున్నాను. తీసుకున్నవారే తమ చేతితో పేరు రాస్తారు, అలా రాసినవారు తిరిగి ఇస్తున్నారు.

బీరువాలో ఇప్పుడు ఒక్కో అరకు ఒక్క వరుసే ఉంది, దాని వెనుక ఖాళీ. వారపత్రికల బైండు సంపుటాలు, తాతగారి నుంచి మిగిలిన ఏడు పుస్తకాలు, దేశోద్ధారక ప్రతులు రెండు ఆమ్లం లేని కాగితపు కవర్లలో అందులో ఉన్నాయి. ఎడమ తలుపు అద్దం 2019లో పగిలితే మార్పించాను. కుడి తలుపు బందు వదులైంది, ఈ వానలు తగ్గాక దాన్ని సరిచేయించాలి.