పెద్దవాళ్లు ఉండే ఇంటికి పెంకు మేలా, డాబా మేలా?

కోనసీమలో చాలా ఇళ్లలో ఇదే మాట నడుస్తోంది. "ఆ పెంకులు తీయించి డాబా వేసేద్దాం నాన్నా, మాకూ టెన్షన్ తగ్గుద్ది" అని హైదరాబాదు నుంచి కొడుకు. "మాకిది చాల్లేరా" అని పెద్దాయన.

పెంకుటింటికి ఏటా పని తప్పదు. తొలకరికి ముందే పగిలిన పెంకులు మార్చాలి, జారినవి సర్దాలి. కోతులు గెంతినా, కొబ్బరికాయ పడినా ఇంట్లోకి వాన వచ్చేస్తుంది. ఇప్పుడు పెంకు సర్దే మనుషులు దొరకడం కష్టం. దొరకలేదని డెబ్బయ్యేళ్ల మనిషి తానే నిచ్చెన వేసుకోవడమే నాకు అన్నిటికన్నా భయం. అయితే ఎక్కడ కారుతోందో కింద నిలబడితే తెలిసిపోతుంది, ఆ నాలుగు పెంకులు మారిస్తే సరిపోతుంది.

డాబా వేస్తే ఇక పనే ఉండదంటే నేను ఒప్పుకోను. తూముకు ఆకులు అడ్డం పడితే పైన నీళ్లు నిలుస్తాయి, ఊడ్చాలంటే మెట్లెక్కాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి పెచ్చులు ఊడతాయి. వేసవిలో రాత్రి కూడా సెగ తగ్గదు. పైన రేకుల షెడ్డు వేస్తే కొంత నయం. తుఫానుకు మాత్రం డాబాయే ధైర్యం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుఫాను చూసినవాళ్లకు వేరే చెప్పాలా?

అందుకే ముందు దూలాలు, వాసాలు చూడండి. దూలం గోడలోకి దూరే చోట, వాసం గోడ మీద ఆనే చోట మేకుతో గుచ్చితే మెత్తగా దిగిందంటే లోపల చెద తినేసినట్టో, కర్ర పుచ్చిపోయినట్టో, ఆ ఇంటికి డాబాయే మంచిది. కర్ర గట్టిగా ఉంటే పెంకుటిల్లు ఉంచేసి, పడగ్గదిని ఆనుకుని స్లాబుతో ఒక చిన్న గది, దానికే బాత్రూమ్ కట్టించండి. తుఫాను రాత్రి ఆ గదిలో తలదాచుకోవచ్చు. వానాకాలం పాచిపట్టిన పెరట్లో అర్ధరాత్రి దొడ్డికి నడిచే బాధా తప్పుతుంది. ఇల్లంతా డాబా వేసినా దొడ్డి పెరట్లోనే ఉంటే ఏం సుఖం?

బాత్రూమ్‌లో గరుకు టైల్స్ వేయించండి. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేకపోతే లోపల పడిపోయిన మనిషే తలుపుకు అడ్డమవుతారు. వరద భయంతో ఎత్తుగా కట్టిన ఇళ్లు కదా, వీధి మెట్లకు రెండు పక్కలా పట్టుకోవడానికి పైపు కూడా పెట్టించండి.