విదేశీ చదువు గదిలో ఒంటి మీట రైస్ కుక్కర్: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

విదేశంలో చదువుకునేవాళ్లు వంటకు ఒక్కటే కరెంటు పరికరం ఉంచుకోగలిగితే, మూడు కప్పుల సాదా రైస్ కుక్కర్ కొనుక్కోమంటాను. తెరలు, బొత్తాలు, పదిరకాల మెనూలు లేని రకం. ముందు ఒక మీట ఉంటుంది. కిందికి నొక్కితే ‘కుక్’, పైకి లేస్తే ‘వార్మ్’. చాలాకాలంగా దాదాపు రోజూ వాడుతున్నది ఈ రకాన్నే. బ్రాండు పేరు రాయడం లేదు. ఈ తరహా కుక్కర్లన్నింటిలోనూ లోపలి అమరిక దాదాపు ఒకటే, మంచైనా చెడైనా అందులోంచే వస్తుంది.

గిన్నె పైకి తీస్తే అడుగున హీటింగ్ ప్లేటు, దాని నడుమ స్ప్రింగు మీద కిందికీ పైకీ ఆడే గుండ్రటి ముక్క కనిపిస్తాయి. ఆ ముక్క లోపల ఒక అయస్కాంతం, దానికి అతుక్కుని ఉండే మిశ్రలోహం ఉంటాయి. గిన్నెలో నీళ్లున్నంతసేపూ అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. ఆ నీళ్లలో కొంత గింజల్లోకి ఇంకి, కొంత ఆవిరైపోయాక అడుగు వేడి ఎగబాకుతుంది. సుమారు 103 డిగ్రీలు దాటగానే మిశ్రలోహం అయస్కాంత గుణం కోల్పోతుంది, పట్టు జారుతుంది, స్ప్రింగు మీటను టక్కున పైకి నెడుతుంది. టైమరు లేదు, అన్నం ఉడికిందో లేదో చూసే ఏర్పాటూ లేదు. అడుగున నీళ్లున్నాయా లేవా, కుక్కరుకు తెలిసేది అంతే. 1955లో తోషిబా అమ్మకానికి తెచ్చిన తొలి ఆటోమేటిక్ కుక్కరుదీ ఇదే ఆలోచన. కాకపోతే అందులో బయటి గిన్నెలో విడిగా నీళ్లు పోసేవారు. అవి ఆవిరైపోవడానికి పట్టే ఇరవై నిమిషాలే వంట సమయం.

కొనేముందు తేల్చుకోవాల్సింది వోల్టేజి. భారతదేశం, బ్రిటన్, యూరప్, ఆస్ట్రేలియాల్లో 230 వోల్టులు, అమెరికా, కెనడాల్లో 120, జపాన్‌లో 100. ట్రావెల్ అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజిని మార్చదు. వేడి పుట్టించే పరికరాల్లో శక్తి వోల్టేజి వర్గాన్ని, అంటే వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చే అంకెను, బట్టి ఉంటుంది. కాబట్టి 230 వోల్టులకు చేసిన 700 వాట్ల కుక్కర్ 120 వోల్టుల దగ్గర దాదాపు 190 వాట్లే ఇస్తుంది. నీళ్లు సరిగా మరగక, బియ్యం గోరువెచ్చటి నీళ్లలో నానినట్టు ఉబ్బి జిగురవుతాయి. తిరగేసి చూస్తే ప్రమాదం మరీ ఎక్కువ. 120 వోల్టుల 400 వాట్ల కుక్కర్‌ను 230లో పెడితే అది 1,470 వాట్ల దాకా లాగుతుంది, ఫ్యూజు గానీ కాయిల్ గానీ కాలిపోతుంది. వోల్టేజి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, ఈ వాట్లకు సరిపడేది బరువుగా ఉంటుంది, కుక్కరు కంటే ఖరీదు పడుతుంది. 100, 120 వోల్టుల దేశానికి వెళ్లేవాళ్లు ఇక్కడినుంచి మోసుకెళ్లకుండా అక్కడే కొనుక్కోవడం మంచిది.

వోల్టేజి కలిసినా పిన్ను సంగతి ఒకటి ఉంది. కుక్కరు ఒళ్లు లోహం, పక్కనే నీళ్లు. కనుక ఎర్త్ పిన్ను తప్పనిసరి. యూరప్‌లో కనిపించే రెండు సన్నటి పిన్నుల ప్లగ్గుకు ఎర్త్ ఉండదు, దాని పరిమితి 2.5 ఆంపియర్లే. అంటే 575 వాట్లకే సరి. మూడో తీగ కలిసే అడాప్టరే వాడాలి. ఊడివచ్చే తీగ ఉన్న మోడలైతే ఇంకా సులువు, ఆ దేశపు ప్లగ్గున్న తీగ కొని పెట్టుకోవచ్చు. కంప్యూటర్ వెనక పెట్టే తీగ చాలా కుక్కర్లకు సరిపోతుంది. దూరకపోతే మాత్రం బలవంతంగా తోయకూడదు. వేడి పరికరాల తీగ మొగానికి చిన్న గాడి ఉంటుంది, అది ఎక్కువ వేడికి తట్టుకునేలా చేసిన రకం, అదే కావాలి. తీగ మొదట్లో ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగితే లోపల పట్టు వదులైందని అర్థం. అప్పుడు తీగ మార్చేయాలి.

సైజు విషయంలో పెట్టెమీది అంకెలు నమ్మడానికి లేదు. కుక్కరుతో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, అందులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. కొన్ని కంపెనీలు బియ్యపు కప్పులు లెక్క చెబుతాయి, కొన్ని వండిన అన్నం లెక్క చెబుతాయి. రెండో రకంలో ‘6 కప్పులు’ అంటే మూడు కప్పుల బియ్యమే. ఒక్కరికి మూడు కప్పుల బియ్యం పట్టేది చాలు, ముగ్గురు నలుగురు కలిసి ఉంటే అయిదు కప్పులది. పెద్దది ఉంటే పనికొస్తుందిలే అనుకోవద్దు. పది కప్పుల గిన్నెలో ఒక కప్పు బియ్యం పోస్తే పలచగా పరుచుకుని, అంచులు ఎండి, అడుగు మాడుతుంది. కరెంటు ఖర్చు భయపడేంత ఉండదు. 400 వాట్ల కుక్కర్ పాతిక నిమిషాలు నడిస్తే 0.17 యూనిట్లు.

ఇక అసలు విషయం, ఎసరు. ‘ఒకటికి రెండు’ అనే సూత్రం ఒక కప్పుకే సరిపోతుంది. గింజ పీల్చుకునే నీరు బియ్యాన్నిబట్టి పెరుగుతుంది గానీ, ఆవిరిగా పోయే నీరు దాదాపు అంతే ఉంటుంది. అందుకే బియ్యం రెట్టింపైనప్పుడు నీళ్లు రెట్టింపు చేస్తే అన్నం ముద్దవుతుంది. మామూలు తెల్ల బియ్యం మెత్తగా కావాలంటే ఒక కప్పుకు రెండు, రెండు కప్పులకు మూడున్నర, మూడింటికి అయిదు కప్పుల నీళ్లు నాకు నికరంగా కుదిరిన లెక్క. పొడిపొడిగా కావాలంటే ఒక్కోదాంట్లో అరకప్పు తగ్గించాలి. బాస్మతి అరగంట నానబెట్టి వంపేశాక ఒకటికి ఒకటిన్నర చాలు. పొట్టి గింజ జిగురు బియ్యానికి ఒకటికి ఒకటీ పావు మించితే జావే. దంపుడు బియ్యం కనీసం గంట నానాలి, అప్పటికీ ఒకటికి రెండున్నర దాకా పడుతుంది. కొత్త బియ్యం తక్కువ నీళ్లు అడుగుతాయి, పాతవి ఎక్కువ. కాబట్టి బస్తా మారినప్పుడల్లా మొదటి వంట ఒక్క కప్పుతో చేసి చూసుకోవాలి. గిన్నె లోపలి గీతలు కుక్కరుతో వచ్చిన కప్పుతో కొలిచిన బియ్యానికే, అదీ చాలా మోడళ్లలో పొట్టి గింజ బియ్యానికే వర్తిస్తాయి. కప్పు పోయిందా, ఏ గ్లాసైనా ఫరవాలేదు, బియ్యానికీ నీళ్లకూ అదే గ్లాసైతే చాలు.

మీట పైకి లేచినంత మాత్రాన అన్నం అయిపోయినట్టు కాదు. అడుగు ఆరింది, అంతే. పైన మెతుకులు ఇంకా తడిగా, నడుమ సన్నటి పలుకుతో ఉంటాయి. మూత తీయకుండా పది పదిహేను నిమిషాలు వదిలేస్తే ఆవిరి సర్దుకుంటుంది, అడుగున అంటుకున్న పొర కూడా దానంతటదే వదులుతుంది. ఆ తర్వాత అన్నం వడ్డించే హస్తంతో అంచులనుంచి లోపలికి ఒకసారి కలపాలి. ఈ పావుగంట ఓపిక లేకే చాలామంది కుక్కరు మంచిది కాదంటారు.

మరో పెద్ద తంటా గిన్నెకూ ప్లేటుకూ మధ్య వస్తుంది. బియ్యం పోసేటప్పుడు ఒక గింజ జారి ప్లేటు మీద పడిందనుకోండి. గిన్నె ఆ గింజ మీద ఒక పక్కకు వాలి కూర్చుంటుంది. తాకిన చోట వేడి అందుతుంది, ఎత్తిన చోట అందదు. మధ్యముక్క గిన్నెకు సరిగా ఆనకపోతే, గిన్నెలో నీళ్లుండగానే ప్లేటు వేడికే మీట లేచిపోతుంది. ఒకవైపు మాడు, ఒకవైపు పలుకు. గింజ నల్లటి బొగ్గుచుక్కై ప్లేటుకు అతుక్కుంటే అదే తంతు మళ్లీ మళ్లీ జరుగుతుంది. చల్లారాక తడిగుడ్డతో నానబెట్టి, చెక్క గరిటె అంచుతో గీకేస్తే పోతుంది. అందుకే బియ్యం, నీళ్లు పోసే పని గిన్నెను బయట ఉంచే చేయాలి, గిన్నె అడుగు పొడిగుడ్డతో తుడవాలి, లోపల పెట్టాక రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ కాస్త తిప్పి కూర్చోబెట్టాలి. గిన్నె కిందపడి అడుగు సొట్టపోయినా లక్షణాలు ఇవే, దానికి మాత్రం కొత్త గిన్నె తప్ప మందు లేదు.

మీట ముందే లేచిపోతే వెంటనే బలవంతంగా నొక్కి పట్టడం, కింద అట్టముక్క దోపడం చూస్తుంటాం. ఇది ప్రమాదం. మిగిలిన ఒకే రక్షణ లోపలి థర్మల్ ఫ్యూజు, అంటే వేడి మితిమీరితే తెగిపోయే ఫ్యూజు. అది పోతే లైటు కూడా వెలగదు. నాలుగు చెంచాల వేడినీళ్లు చిలకరించి, మూతపెట్టి వార్మ్‌లో పావుగంట వదిలితే పలుకు చాలావరకు పోతుంది.

పొంగడానికి కారణం గంజి. మూడుసార్లు కడిగితే సగం సమస్య తీరుతుంది, గిన్నెలో బియ్యం, నీళ్లు కలిపి మూడింట రెండు వంతులు దాటకపోతే మిగతాది తీరుతుంది. పప్పుకు ఇంకా జాగ్రత్త కావాలి. సగం గిన్నెకు మించకూడదు, నురుగు అణగడానికి అరచెంచా నూనె వేయాలి, మూత కొద్దిగా పక్కకు జరిపి ఉంచాలి. ప్రెజర్ లేదు కాబట్టి కందిపప్పు గంటన్నర నానినా ఉడకడానికి ముప్పావుగంట పడుతుంది. ఉడికాక మీట దానంతటది లేవదు, నీళ్లు పూర్తిగా ఇగిరి అడుగంటాకే లేస్తుంది. అందుకని దగ్గరుండి చేత్తో పైకెత్తాలి. పులుపు మాత్రం ఉడికాకే వేయాలి, ముందే వేస్తే పప్పు బద్దలు బద్దలుగానే ఉంటుంది. నీళ్లలో సున్నం ఎక్కువున్న ఊళ్లలో కూడా పప్పు మొండికేస్తుంది, ఫిల్టరు నీళ్లతో తేడా స్పష్టంగా తెలుస్తుంది. రాజ్మా లాంటి గింజల్ని వార్మ్‌లో పెట్టి నానుస్తూ ఉడికించే ప్రయోగం మాత్రం ఎప్పటికీ వద్దు. బాగా మరగని రాజ్మాలో విషగుణం పోదు.

వార్మ్ గురించి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఉదయం వండి, క్లాసులకు వెళ్లి, రాత్రి తినడానికి ఆ మోడ్‌ను నమ్ముకోకూడదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు మరిగినా చావవు. అన్నం 60 డిగ్రీల కిందికి దిగితే మేల్కొని పెరుగుతాయి, అవి వదిలే ఒక విషం మళ్లీ వేడిచేసినా పోదు. సాదా కుక్కర్లలో వార్మ్ వేడి అన్నిట్లో ఒకలా ఉండదు, అడుగున ఎక్కువ, పైన తక్కువ. రెండు గంటలకు మించి వదలను. మిగిలినదాన్ని వెడల్పాటి డబ్బాలో పలచగా పరిచి, ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినేయాలి.

గిన్నెకు నాన్‌స్టిక్ పూత ఉంటే బియ్యం అందులోనే కడగొద్దు. గింజల రాపిడికి పూత నెమ్మదిగా అరుగుతుంది. స్టీలు చెంచాతో నేరుగా తినే అలవాటైతే ఇంకా త్వరగా పోతుంది. చివరికి పూత లేని స్టీలు గిన్నె దొరికే మోడలే నాకు నచ్చింది. అంటుకుంటుంది, నిజమే, అరగంట నానబెడితే వస్తుంది, ఎన్నేళ్లయినా లేచిపోయేది ఏమీ ఉండదు.

గదిలో పెట్టేముందు అద్దె ఒప్పందం చదవండి. చాలా హాస్టళ్లు గదుల్లో వేడి పరికరాలు ఒప్పుకోవు, ఉమ్మడి వంటగదిలో అయితే ఒప్పుకుంటాయి. ఒప్పుకున్నచోటా పొగ అలారం కిందే పెట్టకూడదు. చాలా అలారాలు దట్టమైన ఆవిరిని పొగ అనుకుని మోగుతాయి. అల్మరా కింద పెట్టినా ఆవిరికి చెక్క ఉబ్బుతుంది, ఖాళీ చేసేరోజు అడ్వాన్సులో కోత పడుతుంది. పవర్ స్ట్రిప్ మీద కుక్కరుతోపాటు కెటిల్, హీటరు కలిపి నడపొద్దు.

మైక్రోకంప్యూటర్ ఉన్న ఖరీదైన కుక్కర్లు దంపుడు బియ్యానికీ పొట్టి గింజకూ మేలే, నానే సమయం కూడా అవే చూసుకుంటాయి. కానీ మామూలు అన్నానికి నలభై నుంచి అరవై నిమిషాలు తీసుకుంటాయి. సాదా కుక్కరుకు పాతిక నిమిషాలు, పైన మగ్గడానికి పావుగంట. తెల్లన్నం, అప్పుడప్పుడు పప్పు, పైన జల్లెడ గిన్నెలో కూరగాయలు ఆవిరి పట్టడం వరకే అయితే ఆ అదనపు డబ్బు పెట్టక్కర్లేదు.

చదువు ముగించి వెళ్లేవాళ్ల దగ్గర పాతది దొరికితే నిరభ్యంతరంగా తీసుకోవచ్చు, అక్కడే పరీక్షించి. ప్లేటు మధ్యముక్కను వేలితో నొక్కితే స్ప్రింగులా లేవాలి. గిన్నెను బల్లమీద పెడితే ఊగకూడదు. తీగ మొదలు నల్లబడి ఉండకూడదు. అరకప్పు నీళ్లు పోసి, మూత లేకుండా మీట నొక్కండి. మరిగి, పూర్తిగా ఇగిరి, సుమారు పావుగంటలో మీట తనంతట తను లేస్తే తెచ్చుకోండి. నీళ్లుండగానే లేచినా, గిన్నె ఖాళీ అయ్యాక కూడా లేవకపోయినా వదిలేయండి.