సరుకు బల్ల మీద పెడితే కేసు అయిపోదు: ‘ది వైర్’ ఎందుకు చూడాలంటే

హన్మకొండలోనో కాజీపేటలోనో పేపర్ చదివేవాళ్లకు జిల్లా పేజీలో ఈ ఫొటో కొత్త కాదు. బల్ల మీద గంజాయి ప్యాకెట్లు, పక్కన నాలుగు సెల్‌ఫోన్లు, ముఖాలకు ముసుగులతో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు, వాళ్ల వెనక అధికారులు. సరుకు పంపింది ఎవరు, డబ్బు ఎవరికి చేరింది అన్న ముక్క మాత్రం ఆ వార్తలో అరుదు. అది ఎందుకు ఉండదో 60 ఎపిసోడ్లలో విడమరిచి చెప్పిన సీరియల్ ‘ది వైర్’.

అమెరికాలోని బాల్టిమోర్ కథ ఇది. హెచ్‌బీవో టీవీ చానల్‌లో 2002 నుంచి 2008 దాకా ఐదు సీజన్లుగా వచ్చింది. సృష్టికర్త డేవిడ్ సైమన్ ఆ ఊరి పత్రికలోనే క్రైమ్ రిపోర్టర్‌గా చేశాడు. ఆయనతో కలిసి రాసిన ఎడ్ బర్న్స్ అక్కడే డిటెక్టివ్‌గా పనిచేసి, తర్వాత బడిలో పాఠాలు చెప్పాడు. దర్యాప్తులో ఉండే విసుగు, కాగితాల పని, పైవాళ్ల ఒత్తిడి అన్నీ ఇందులో నిజంగా కనిపించేది అందుకే.

మొదటి సీజన్‌లో పోలీసులు వెంటపడేది మత్తుమందు అమ్మే ముఠాను. ఆ ముఠా కుర్రాళ్లు సెల్‌ఫోన్ ముట్టరు. పేజర్‌కు నంబరు వస్తుంది, వీధిలోని కాయిన్ ఫోన్ నుంచి తిరిగి చేస్తారు. వచ్చే నంబరు కూడా అసలుది కాదు. కీప్యాడ్‌లో 5 మీదుగా అవతలికి దాటితే వచ్చేదే అసలు అంకె: 1కి 9, 2కి 8, 3కి 7, 4కి 6, 5, 0 తారుమారు. లెక్కలు రానివాడు కూడా తప్పు లేకుండా నొక్కగలడు. ఈ కోడ్ ఛేదించాక కూడా పని సగమే. మామూలు పద్ధతులన్నీ వాడినా లాభం లేకపోయిందని కాగితం మీద చూపిస్తేనే ఫోన్ వినడానికి జడ్జి ఒప్పుకుంటాడు. కాయిన్ ఫోన్ అందరిదీ కనుక, ఇప్పుడు రిసీవర్ పట్టుకున్నది ముఠా మనిషేనని ఒక పోలీసు మేడ మీంచి కళ్లారా చూసి చెప్పాలి. కేసుకు సంబంధం లేని మాటలైతే వినడం ఆపేయాలి. ఛేజింగులేవీ లేకుండా ఈ తంటాలతోనే ఉత్కంఠ పుట్టించారు.

పైఅధికారులకు అంత ఓపిక ఉండదు. దాడి చేయండి, సరుకు బల్ల మీద పెట్టండి, ప్రెస్‌మీట్ పెడదాం అంటారు. అలా దాడి చేయగానే అవతలివాడు జాగ్రత్తపడతాడు, అన్నాళ్ల శ్రమా గాలికి పోతుంది. సీరియల్ అంతటికీ ఆయువుపట్టు ఇదే.

చాలామంది రెండో ఎపిసోడ్‌కే వదిలేస్తారు. కారణం ఉంది. పదుల కొద్దీ పాత్రలు, ఎవరు ఎవరో చెప్పేవాళ్లు ఉండరు. ఎక్కడ భయపడాలో చెప్పే నేపథ్య సంగీతం కూడా ఉండదు. పాట వినిపించిందంటే దాదాపు ఎప్పుడూ ఆ సీన్‌లోని రేడియోదో కారుదో. వీధి యాస మనకే కాదు, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకూ అందదు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, రాత్రికి ఒకటి రెండు ఎపిసోడ్లకు మించవద్దు, ఫోన్ పక్కన పెట్టండి. పాత్ర పేరు మాత్రం గూగుల్‌లో కొట్టవద్దు, వాడు ఎప్పుడు చస్తాడో ముందే చెప్పేస్తుంది. నాలుగో ఎపిసోడ్ దాకా ఆగండి. అందులో ఇద్దరు డిటెక్టివ్‌లు ఖాళీ వంటగదిలో పాత హత్య ఎలా జరిగిందో ఒక్కో ముక్కా పేర్చి తేలుస్తారు. ఐదు నిమిషాల పాటు ఒక్క బూతు మాట తప్ప మరో మాట ఉండదు. కిటికీ అద్దం, ఫ్రిజ్‌లో దొరికిన బుల్లెట్, బయట మట్టిలో దొరికిన ఖాళీ తూటా తొడుగు, అంతే. పంచనామా అంటే ఏమిటో ఇంత బాగా చూపించిన సీన్ మరొకటి లేదు.

రెండో సీజన్‌లో కథ ఓడరేవు కార్మికుల దగ్గరికి పోతుంది. కొత్త ముఖాలు చూసి విసుక్కునేవాళ్లు ఎక్కువ. ఆజంజాహి మిల్లు మూతపడ్డాక వరంగల్‌లో కార్మికుల ఇళ్లు ఏమయ్యాయో చూసినవాళ్లకు మాత్రం ఈ సీజన్ గుండెకు తగులుతుంది. పని పోయిన చోట యూనియన్ నాయకుడు ఏ తప్పుకు ఒప్పుకుంటాడు, ఎందుకు ఒప్పుకుంటాడు అన్నది కథ. మూడోది నేర సమీక్ష సమావేశాల సంగతి. నేరాన్ని చిన్న సెక్షన్ కిందికి దించి రాస్తే శాతం తగ్గుతుంది, కుర్చీ నిలుస్తుంది.

నాలుగోది అన్నింటికంటే గొప్పది. మొదటి సీజన్‌లో కోడ్ ఛేదించిన డిటెక్టివే ఇక్కడ లెక్కల సార్. పరీక్ష మార్కులు పెంచి చూపించే పని పోలీసు లెక్కల్లాంటిదేనని అతనికి అర్థమవుతుంది. ఆ బడిలోని నలుగురు పిల్లలను వీధి ఒక్కొక్కరినీ లాక్కుంటుంటే చూడటం కష్టం. టీచర్లు తప్పక చూడాలి.

2014లో బొమ్మను వెడల్పు తెరకు మార్చి హెచ్‌డీ చేశారు. మొదట తీసింది పాత టీవీల 4:3 కొలతలో కాబట్టి కొన్ని ఫ్రేములు కాస్త ఖాళీగా అనిపిస్తాయి, అది మీ టీవీ లోపం కాదు. బూతులు, నగ్నత్వం, మత్తు ఇంజెక్షన్లు నిండుగా ఉంటాయి, పిల్లలున్నప్పుడు హాల్లో పెట్టవద్దు. చివరి సీజన్ 10 ఎపిసోడ్లే. అందులో ఒక డిటెక్టివ్ చేసే పని నమ్మశక్యంగా ఉండదు, మిగతావాటి కంటే అదే బలహీనం. అయినా వదలకండి, నాలుగో సీజన్ పిల్లలు చివరికి ఎటు పోయారో అందులోనే తేలుతుంది.