బొంతలకు వాకింగ్ ఫుట్: కొనొచ్చు, కానీ ఎక్కడ వాడాలో తెలిసుండాలి

సగంలో ఆగిన బొంతలు చాలా ఇళ్ళలో ఒకేచోట ఆగుతాయి. పైగుడ్డ ముక్కలు అతకడం అయిపోతుంది, మూడు పొరలూ కలిపి కుట్టబోతే ముడతలు పడతాయి, విసుగొచ్చి మడిచి అల్మారాలో పెట్టేస్తారు. అది చేతి తప్పు కాదు. మిషనులో గుడ్డను లాగే పళ్ళు కిందే ఉంటాయి. అడుగు గుడ్డ వాటితో కదిలిపోతుంది. పైగుడ్డను ఫుట్టు అదిమిపట్టి ఉంచుతుంది, నడుమ వాడింగ్ (రెండు గుడ్డల మధ్య పెట్టే దూది లేదా ఫైబర్ పొర) జారుతుంది. వెనకబడ్డ పైగుడ్డ ఫుట్టు ముందు ఉబ్బుతూ వచ్చి, అడ్డంగా మరో కుట్టు తగిలిన చోట మడతపడుతుంది. వాకింగ్ ఫుట్ చేసేదల్లా పైనుంచి కూడా ఒక జత పళ్ళు ఇవ్వడం. ఆ ఒక్క పనీ బాగా చేస్తుంది.

దుకాణంలో ‘క్విల్టింగ్ ఫుట్’ అని అడగొద్దు. డార్నింగ్ ఫుట్‌ను కూడా ఆ పేరుతోనే అమ్ముతారు. స్ప్రింగూ చిన్న రింగూ ఉంటే అది డార్నింగ్ ఫుట్. వాకింగ్ ఫుట్ లావుగా డబ్బాలా ఉంటుంది, పక్కన చీలిన చెయ్యి ఒకటి ఉంటుంది. కొనేముందు ఇంట్లో మిషను ఫుట్టు దించి, దాన్ని బిగించే స్క్రూ నుంచి కింది ప్లేటు దాకా కొలవండి. ఫుట్టు బిగించే ఆ కాడనే షాంక్ అంటారు: అరంగుళం అటూ ఇటూగా ఉంటే లో షాంక్, అంగుళం ఉంటే హై షాంక్. ఉషా జనోమ్ ఇంటి మిషన్లు చాలావరకు లో షాంకే. మిషనును సికింద్రాబాద్ జనరల్ బజార్ దాకా మోసుకెళ్ళనక్కర్లేదు, పాత ఫుట్టు హోల్డర్‌తో సహా విప్పి తీసుకెళ్తే చాలు.

బిగించడంలో ఒక్క తప్పు చేస్తే కొన్న డబ్బు దండగ. ఆ చీలిన చెయ్యి సూదిని పట్టే స్క్రూ మీదికి రావాలి. కిందికి జారి ఉంటే ఫుట్టు మామూలుగానే కనిపిస్తుంది, కుట్టూ పడుతుంది, పై పళ్ళు మాత్రం కదలవు. బిగించాక చక్రాన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి, సూది పైకి లేచినప్పుడల్లా చెయ్యి కూడా లేస్తోందో లేదో చూడండి. సూది స్క్రూ అదురుకు వదులవుతుంది, అందుకే అరగంటకోసారి బిగించుకోవాలి. లేదంటే సూది జారి ప్లేటుకు తగిలి విరుగుతుంది.

సూది 14వ నంబరు, కుట్టు పొడవు 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు. వేగం పెంచితే కుట్లు చిన్నాపెద్దా అవుతాయి. వెనక్కి కుట్టొద్దు, మొదట్లో, చివర్లో అర అంగుళం మేర చిన్న కుట్లు వేస్తే ముడి నిలుస్తుంది. బొంత బరువు టేబుల్ అంచు నుంచి వేలాడితే ఏ ఫుట్టయినా ఓడిపోతుంది. ఎడమపక్క ఒక కుర్చీ, వెనక మరో స్టూలు వేసి బరువంతా వాటి మీద ఉంచాలి. ఇది చెయ్యకుండా ఫుట్టు బాలేదని తిరిగిచ్చేవాళ్ళున్నారు!

నిటారు గీతలకూ మెల్లగా తిరిగే వంపులకూ ఇది చక్కగా పనిచేస్తుంది. పువ్వులూ తీగలూ కుట్టాలంటే పనికిరాదు, దానికి పళ్ళు దించి డార్నింగ్ ఫుట్ వాడాల్సిందే. ముక్కలు అతకడానికీ వద్దు. ఫుట్టు లావు వల్ల గుడ్డ అంచు కనబడదు, పావంగుళం కుట్టు మూడు దారపు పోగుల తేడాతో అటూ ఇటూ పోతుంది. రెండున్నర అంగుళాల చదరాలతో తొమ్మిది ముక్కల బ్లాకు అతికితే ఆరున్నర అంగుళాలు రావాలి. పావు బదులు మూడెనిమిదో వంతు అంగుళం లోపలికి కుడితే ఆరే వస్తుంది. పది బ్లాకుల వరసలో ఏడంగుళాల పైనే పోతుంది.

ఒకేసారి రెండు మూడు బొంతలు నడిపేవాళ్ళకు అసలు లాభం ఇక్కడే. ఈ ఫుట్టును తీసి పెట్టడం చిరాకు పని, అందుకని ఒక బొంత పూర్తిచేసి రెండోది మొదలుపెట్టే పద్ధతి దీనికి కుదరదు. మామూలు ఫుట్టుతోనే అన్నిటి ముక్కలూ అతికేయాలి. తర్వాత నేల తుడిచి, అన్నిటికీ పొరలు పరిచి, నాలుగంగుళాలకు ఒకటి చొప్పున పిన్నీసులు పెట్టేయాలి. ఆఖర్న వాకింగ్ ఫుట్ ఒక్కసారి బిగించి వరసగా కుట్టుకుంటూ పోవాలి. కుట్టే వరస కూడా ముఖ్యమే: ముందు నడుమ గీత, తర్వాత అక్కణ్ణుంచి అంచులవైపు. ఒక్కో బొంత అయ్యాక ప్లేటు తీసి నుసి దులపండి. ఫైబర్ వాడింగ్ నుసి కింది పళ్ళ మధ్య చేరితే కుట్లు తప్పుతాయి, నింద ఫుట్టు మీద పడుతుంది.

60×90 అంగుళాల సింగిల్ మంచం బొంతకు వెనక గుడ్డ చుట్టూ నాలుగేసి అంగుళాలు ఎక్కువ, అంటే 68×98 కావాలి. 44 అంగుళాల పన్నా గుడ్డ అతకడం కన్నా ఉతికిన డబుల్ బెడ్‌షీటు వాడటం నయం. అంచుపట్టీకి 44 అంగుళాల పన్నా గుడ్డలోంచి రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు ఎనిమిది పడతాయి. అరమీటరు అడిగితే అర అంగుళం లోపే తక్కువొచ్చి ఏడిపిస్తుంది, 60 సెంటీమీటర్లు తీసుకోండి. పెడన కలంకారీ కలుపుతుంటే రంగు దిగుతుంది కాబట్టి ముందే ఉతకాలి. ఉప్పునీళ్ళను నమ్ముకోవద్దు, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతకడమే దారి.

పాత కాటన్ చీరలు నాలుగు పొరలు పేర్చి, వాడింగ్ లేకుండా కుట్టే మన బొంతకు మాత్రం ఈ ఫుట్టు కొనక్కర్లేదు. ఉతికి ఉతికి నలిగిన చీర మెత్తదనానికి మిషను కుట్టు గట్టిగా తగులుతుంది. దానికి లావు దారం, పొడుగు సూది, అంగుళానికి నాలుగైదు చేతికుట్లు చాలు.