షీఫ్‌స్పీగ్లర్ కిట్: అద్దాలు భేష్, పెట్టె దండగ

మధ్యలో చిన్న అద్దం అడ్డుపడని రిఫ్లెక్టర్ (అద్దాల టెలిస్కోప్) ఇంట్లో కట్టుకోవాలంటే ఆంటన్ కుట్టర్ రూపొందించిన షీఫ్‌స్పీగ్లర్, అంటే అద్దాలను పక్కకు వాల్చి బిగించే డిజైనే ఇప్పటికీ తేలిక. ఈ కిట్ అదే, పెద్ద అద్దం వెడల్పు 108 మి.మీ. అమ్మేవాళ్ల పేరెందుకు గానీ, ఏ కిట్ కొన్నా చూసుకోవాల్సినవి ఇవే.

అద్దాలకు వంక పెట్టలేం. పెద్దది పుటాకారం, ఫోకల్ లెంగ్త్ 1620 మి.మీ. చిన్నది 55 మి.మీ. కుంభాకారం. రెండూ గోళాకారాలే, వంపు కూడా ఒకటే. కాబట్టి ఒకదానిమీద ఒకటి ఆనించి రంగు చారలు చూస్తే పనితనం తెలిసిపోతుంది. 925 మి.మీ. ఎడంతో బిగిస్తే మొత్తం ఫోకల్ లెంగ్త్ 2840 దాకా వస్తుంది, అంటే ఎఫ్/26 (అద్దం వెడల్పుకు 26 రెట్లు). 25 మి.మీ. ఐపీస్‌కే 113 రెట్లు. గ్రహాలకు, జంట తారలకు దివ్యంగా ఉంటుంది. మసకగా ఉండే నెబ్యులాల (వాయు మేఘాల) మీద ఆశ వద్దు.

తిప్పలన్నీ వాలు దగ్గరే. పెద్ద అద్దాన్ని 2.8 డిగ్రీలు వాలిస్తే చిన్న అద్దం దగ్గరికొచ్చేసరికి వెలుగు 90 మి.మీ. పక్కకు జరుగుతుంది. అందులో లోపలికొచ్చే వెలుగు సగం వెడల్పుకు 54, చిన్న అద్దం సగం వెడల్పుకు 27.5 పోతాయి. మిగిలేది 9 మి.మీ. లోపే. కిట్‌లో ఇచ్చిన చిన్న అద్దం హోల్డర్ గోడేమో 12 మి.మీ. మందం! అది వెలుగుకు అడ్డొస్తుంది. ఇక అడ్డులేని టెలిస్కోప్ అన్న మాటకు అర్థమేముంది? లేత్ మీద 5 మి.మీ.కు తగ్గించుకోవాల్సిందే.

పెద్ద అద్దం వాలు తెచ్చే ఆస్టిగ్మాటిజాన్ని (చుక్క గీతలా సాగే దోషాన్ని) చిన్న అద్దం 6.5 డిగ్రీల వాలుతో సరిచేస్తుంది. కొంచెం కోమా (చుక్కకు తోక వచ్చినట్టు కనిపించే దోషం) మిగులుతుంది, ఈ సైజులో బాధించదు. నక్షత్రాన్ని ఫోకస్‌కు ఇటూ అటూ జరిపి చూడండి. గీతలా సాగి, అవతలి వైపు అడ్డంగా తిరిగితే చిన్న అద్దం స్క్రూ పావు మర తిప్పి, తప్పిపోయిన నక్షత్రాన్ని పెద్ద అద్దంతో మధ్యకు తెచ్చుకోవాలి. మాన్యువల్ రెండూ ఒకేసారి తిప్పమంటుంది. అలా చేస్తే తెల్లారిపోతుంది. స్ప్రింగులు కూడా మెత్తన, గట్టివి వేయండి.

పెట్టె మామూలు ప్లైవుడ్. విశాఖ తేమకు ఒక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఉబ్బితే కోణాలు పోతాయి. ఐఎస్ 710 మెరైన్ ప్లై 12 మి.మీ.ది, 316 స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి. లోపల నల్ల బాఫిళ్లు (పక్క వెలుతురును ఆపే పలకలు) అసలివ్వలేదు. అవి లేకపోతే బీచ్ రోడ్డు లైట్ల వెలుతురు చిన్న అద్దం పక్కనుంచి నేరుగా ఐపీస్‌లోకి వస్తుంది. సముద్రం వైపు తిప్పుకుంటే కొంత నయం. జ్యేష్ఠ నక్షత్రం (అంటారెస్) పక్కనున్న మసక తోడు నక్షత్రాన్ని పట్టడానికి అదే వీలు.

ఉప్పుగాలికి అల్యూమినియం పూత చుక్కలు పడుతుంది. వాడనప్పుడు సిలికా జెల్‌తో మూసిపెట్టండి. పొడిగుడ్డతో తుడవకుండా డిస్టిల్డ్ వాటర్ పోసి కడగండి. అద్దాలు విడిగా ఇస్తారేమో అడగండి, ఇస్తే పెట్టె డబ్బు మిగులుతుంది.