యూవర్షన్ బైబిల్ యాప్: దూరదేశంలో ఉన్న విశ్వాసిని బలపరచడానికి ఎంతవరకు పనికొస్తుంది?

మాది రాజోలు వైపు. మా సంఘం నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్లిన ఒక అక్కతో కలిసి వాక్యం చదువుకోవడానికి ఈ యాప్ వాడుతున్నాను. ఆదివారం ఆరాధనలో గల్ఫ్‌లో ఉన్నవాళ్ల కోసం పేరుపేరునా ప్రార్థన చేస్తాం. కానీ ఆ సంగతి వాళ్లకి ఎవరు చెబుతారు? ఈ రివ్యూ రాస్తున్నది అందుకే.

ముందు మామూలు వివరాలు. యాప్ 2008 నుంచి ఉంది, అమెరికాలోని లైఫ్ చర్చ్ అనే సంఘం నడుపుతోంది. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు రావు. మందిరంలో మనం చదివే పాత అనువాదమూ ఉంది, వాడుక భాషకు దగ్గరగా ఉండేవీ ఉన్నాయి. అక్కకి పాతదే ఇష్టం, చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన మాటలు కదా.

నాకు బాగా నచ్చింది స్నేహితులతో కలిసి చదివే ప్రణాళిక. ఒకరు మొదలుపెట్టి మిగతావాళ్లని పిలవొచ్చు. ఏ రోజు భాగం ఎవరు చదివారో అందరికీ కనిపిస్తుంది, చివర్లో మన మాట రాసుకోవడానికి చోటుంటుంది. అక్క రాసేది ఒక్క ముక్కే: "ఈ వచనం నాకే చెల్లీ." ఒక్కోసారి అదీ ఉండదు, చదివినట్టు గుర్తూ పడదు. అప్పుడు ఫోన్ చేస్తాను. ఇక్కడ రాత్రి పదిన్నరయితే అక్కడ ఎనిమిది, వంటింటి పని ఇంకా తెమలదు. "వందనాలు అక్కా, తిన్నావా?" అని అడిగితే చాలు, గొంతులోనే అన్నీ తెలిసిపోతాయి. ప్రతి దినమూ ఒకరినొకరు హెచ్చరించుకోమని హెబ్రీ పత్రిక 3:13 చెబుతోంది. ఎవరికి ఆ రోజు ఫోన్ చేయాలో ఈ యాప్ నాకు చూపిస్తోంది. దీని అసలు విలువ అదేనని నా అభిప్రాయం.

వచనాన్ని అందమైన బొమ్మ మీద వేసి పంపే సదుపాయం కూడా ఉంది. అందరూ ఎక్కువగా వాడేది అదే, నాకు తక్కువగా నచ్చేదీ అదే. పొద్దున్నే పదిమందికి ఒకే బొమ్మ పంపేస్తే బలపరచినట్టేనా? బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్నప్పుడు దూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడు, తిన్నాక మళ్లీ పడుకోనిచ్చాడు. ఎదుటి మనిషికి ఏం కావాలో చూసి ఇచ్చాడు. నేను బొమ్మ పంపితే, ఆ వచనం ఆమెకే ఎందుకు పంపానో కింద రెండు లైన్లు రాస్తాను. మీరూ అలా చేయండి.

ప్రార్థన మనవుల విభాగానికి మాత్రం పూర్తి మార్కులు. మనం ఎంచుకున్నవాళ్లకే మనవి పంపొచ్చు. యజమానురాలి కోపం, ఇంటి దగ్గర పిల్లాడి ఫీజు, అప్పు లాంటివి వాట్సాప్ గ్రూపులో పెడితే ఊరంతా పాకుతాయి. ఇక్కడ ఇద్దరు ముగ్గురు చూస్తే చాలు. చదివినవాళ్లు ప్రార్థించామని ఒక బటన్ నొక్కితే పంపినవాళ్లకి తెలుస్తుంది. "ఎవరో నాకోసం మోకాళ్ల మీద ఉన్నారని తెలిస్తే పని బరువనిపించదు" అంది అక్క. రోమాలో ఖైదీగా ఉన్న అపొస్తలుడు పౌలును ఒనేసిఫోరు అనే విశ్వాసి వెతికి వెతికి కలుసుకున్నాడు, అతని సంకెళ్లకు సిగ్గుపడలేదు. అక్క ఆ మాట అన్నప్పటి నుంచి అతను నాకు తరచూ గుర్తొస్తున్నాడు. కానీ నిజంగా ప్రార్థించాకే ఆ బటన్ నొక్కాలి. అవతలివాళ్లు దాన్ని నమ్ముకుని ఉంటారు.

లోటు లేకపోలేదు. ఇంగ్లీషులో ఉన్నన్ని ప్రణాళికలు తెలుగులో లేవు. స్నేహితులను చేర్చుకోవాలంటే అకౌంటు తెరవాలి, స్త్రీల సమాజంలోని పెద్దమ్మలకి అది కష్టం. మా దగ్గర ఆ పెద్దమ్మల మాటలు చిన్నపిల్లలు అడిగి యాప్‌లో రాస్తున్నారు.

ఐదుకి నాలుగు ఇస్తాను. మీ సంఘంలో ఎవరైనా విదేశం వెళ్తుంటే, ప్రయాణానికి ముందే వాళ్ల ఫోన్లో యాప్ పెట్టి, అకౌంటు తెరిచి, తెలుగు అనువాదం డౌన్‌లోడ్ చేసి, ఇద్దరు ముగ్గురు నమ్మకమైన విశ్వాసులను స్నేహితులుగా చేర్చి పంపండి. అక్కడికి వెళ్లాక వాళ్లకి వెంటనే తీరిక దొరుకుతుందో లేదో చెప్పలేం.